చెయ్యి ఎండేదాకా

1. సోమవారం, క్లాసు అయ్యాక

గోస్తనీ ఓడ, మూడో అంతస్తు. రాస్తున్నది స్పానిష్ చెప్పే ఇందుమతి. వచ్చిన ప్రశ్నలూ చెప్పిన జవాబులూ ఏరోజుకారోజు రాసిపెట్టమని కెప్టెన్ హుకుం. రాస్తాను. చదివేవాళ్ళ ఓపిక వాళ్ళది.

ఈరోజు ప్రశ్న: బల్ల ఆడదా? అవును, మెసా ఆడదే. ఎందుకు? ఎందుకంటే ఆడదే. మన భాషలో ఆడమనిషినీ, మేకనీ, బల్లనీ కలిపి 'వచ్చింది, పోయింది' అని ఒకే తాటికి కట్టేస్తాం కాబట్టి మనవాళ్ళకి ఈ విషయం ఓ పట్టాన మింగుడుపడదు. 'ఆ'తో ముగిస్తే ఆడది, 'ఓ'తో ముగిస్తే మగది అని గోడమీద రాసి ఇటు తిరిగానో లేదో, శేషుకుమార్ లేచాడు. ఊళ్ళు మునగక ముందు ఈయన లెక్కల ట్యూషన్లు చెప్పేవాడు.

"మరి చెయ్యిని మానో అంటారు కదండీ. ఓతో ముగిసి ఆడదెలా అయింది? మ్యాపుని మాపా అంటారు, అది ఆతో ముగిసి మగాడెలా అయ్యాడు?"

"మినహాయింపులండీ."

"మొత్తం ఎన్ని?"

"చాలా."

"చాలా అంటే సూత్రం తప్పన్నమాట" అని తీర్పు చెప్పి కూర్చున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ముందు వరసలోంచి పోలమ్మ చెయ్యెత్తింది. చేపలు ఎండబెట్టి అమ్మిన మనిషి. ఆ గదిలో అందరికంటే తొందరగా పట్టుకునేదీ, అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగేదీ ఈవిడే. "సెయ్యి ఆడదయితే మా మావ సెయ్యి కూడా ఆడదేనేటి పంతులమ్మగోరూ?"

"ఎవరి చెయ్యయినా ఆడదే."

"ఓలమ్మో! ఆ సంగతి ఆడికి ముందే సెప్పుంటే బాగున్ను" అంది. క్లాసంతా గొల్లుమంది. మిగిలిన పాఠం మంట్లో కలిసిపోయింది.

చెవి వెనక దుబాసీ బిళ్ళ అంటించుకుని పెరిగిన జనం వీళ్ళు. ప్రపంచంలో ఎవరేం వాగినా తెలుగులో వినబడేది. ఇప్పుడు ఆ బిళ్ళలన్నీ ఓడ అడుగున ఒక డబ్బాలో పడున్నాయి. వీళ్ళ నోళ్ళు తిరగేసి కొత్త భాష పోయడం నా వంతు వచ్చింది.

2. గురువారం

పోలమ్మ మళ్ళీ పరీక్ష తప్పింది. ఇది రెండోసారి.

ఈ ఓడకి ఎదురుగా కొండమీద కనిపించే, స్పానిష్ మాట్లాడే ఊరు పియెద్రాల్తా. మునిగిన తీరాల వాళ్ళని చేర్చుకుంటామన్నారు, చేర్చుకుంటున్నారు కూడా. కాకపోతే ఒక్కటే షరతు. ఒక్కొక్కరూ విడివిడిగా, బిళ్ళ లేకుండా, ఊళ్ళో ఒక ఇంటికి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాలి. ఆ ఇంటివాళ్ళు సరేనంటే ఊళ్ళో చోటు. కాదంటే ఇంకో ఇల్లు. మూడిళ్ళు కాదంటే ఓడతోపాటు దక్షిణానికి. అక్కడ ఇంకో రేవు, ఇంకో భాష, అన్నీ మళ్ళీ మొదటినుంచి.

బిళ్ళలంటే వాళ్ళకి పడకపోవడానికి కారణం ఉంది. ఒకప్పుడు పక్కూరితో నీళ్ళ తగాదా వస్తే బిళ్ళలు పెట్టుకునే మాట్లాడుకున్నారట. అవి ఇటు తిట్లని అటు తియ్యగా, అటు బెదిరింపులని ఇటు మర్యాదగా మార్చి చెప్పాయి. అంతా సర్దుకుందని అందరూ ఇళ్ళకి వెళ్ళారు. ఎండాకాలం వచ్చేసరికి కర్రలతో కలుసుకున్నారు. అప్పటినుంచి మనిషి నోటితో మాట్లాడితేనే మాట. నేను తప్పుపట్టను.

కానీ నా పోలమ్మని ఎందుకు కాదన్నారు? చీటీలో ఒకే ఒక్క మాట. 'మాట్లాడలేదు.' మొదటి ఇంటివాళ్ళదీ అదే మాట, రెండో ఇంటివాళ్ళదీ అదే మాట. మాట్లాడలేదా! నిద్రలో కూడా క్రియాపదాలు వల్లించే మనిషి. జరిగిపోయినదానికి ఒక భూతకాలం, జరుగుతూ ఉండినదానికి ఇంకోటి అని చెప్పగానే, "ఎల్లినాను ఒకటి, ఎల్లీదాన్ని ఇంకోటి. అంతేనా?" అని తేల్చేసిన మనిషి. 'నాకు నచ్చింది' అన్నది మన మాటతీరులోనే వాళ్ళూ అంటారని చెప్పకుండానే పట్టేసింది. శేషుకుమార్‌కి అది ఇప్పటికీ ఎక్కలేదు.

"అసలేం జరిగింది పోలమ్మా?"

"ఏటీ నేదు. కంచంలో ఒక్క మెతుకు ఒగ్గకుండా తిన్నాను. అన్నం కాడ మాటలెందుకని నోరు మూసుకునున్నాను. ఆ తల్లికి కట్టం ఎందుకని నా కంచంతో పాటు ఆలందరి కంచాలూ, మాడిన మూకుడు కూడా తోమీసి ఒచ్చాను."

ఇంతకంటే బుద్ధిగా ఎవరుంటారు? అయినా కాదన్నారు. ఆవిడ ముక్కులో మాట్లాడుతుందనో, 'ర'ని గట్టిగా చుట్టట్లేదనో వంక పెట్టుంటారు. రేపటినుంచి ఉచ్చారణ మీద గంట అదనంగా పెడతాను.

అన్నిటికంటే కడుపుమంట ఏమిటంటే, పోలమ్మ మొగుడు ఎర్రయ్య మొదటిసారికే గట్టెక్కాడు. ఎర్రయ్య! నిన్నకీ రేపటికీ ఒకటే క్రియ వాడేవాడు. తన పేరు కూడా తప్పుగా పరిచయం చేసుకునేవాడు. ఇప్పుడు ఊళ్ళో చేపలకి ఐసు చేసే మంచు మిల్లులో పని చేసుకుంటూ గదిలో ఉన్నాడు. అంత బాగా మాట్లాడే పెళ్ళాం ఇక్కడ ఇనప మంచం మీద. ఏ తూకంతో తూస్తున్నారో, నా తలకాయ.

3. ఆదివారం

ఆదివారం క్లాసుండదు. అయినా నన్ను వదలరు.

ఆదివారాల్లో ఊళ్ళో చోటు దొరికినవాళ్ళు రేవు గోడమీదకి వస్తారు. ఓడలోవాళ్ళు కమ్మీల దగ్గర నిలబడతారు. ఓడ కాస్త ఎడంగా ఆగి ఉంటుంది కాబట్టి అరుచుకోవాలి. ఇటు ఇరవై గొంతులు, అటు ఇరవై గొంతులు, ఎవరిమాట ఎవరిదో దేవుడికే తెలియాలి. ఎర్రయ్య మాత్రం మోకాలు పట్టుకుని నిలబడి, పెళ్ళాం కనిపించగానే తువ్వాలు ఊపుతాడు. ఆ మోకాలు పడవ ప్రమాదంలో పోయింది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు.

ఇవాళ ఆ అరుపుల మధ్యలో పోలమ్మ నా చెంగు పట్టుకుంది. "పంతులమ్మగోరూ, మా మావ కోసం ఎదురు సూత్తన్నానంటే, ఆ కోసానికి పోర్ అనాలా, పారా అనాలా?"

ఈ పోర్, పారాలతో నాకు తలప్రాణం తోకకొచ్చింది. కారణానికి ఒకటి, గమ్యానికి ఒకటి, మార్పిడికి మళ్ళీ మొదటిది. మన 'కోసం' ఒక్కటే ఇవన్నీ మోసేస్తుంది. వారం రోజులుగా నోరు నొప్పెట్టేలా చెబుతున్నాను.

"ఎదురుచూడ్డానికి రెండూ అక్కర్లేదు. మనిషి ముందు ఉత్త 'ఆ' ఒకటి చేరిస్తే చాలు. మనం బల్ల చూశాను అంటాం, ఎర్రయ్యని చూశాను అంటాం చూడు. ఆ 'ని' లాంటిది."

"రెండూ అక్కర్నేదేటి?" అని కమ్మీమీదకి వంగింది. తర్వాత గోడమీద మనిషికి వినబడేలా స్పానిష్‌లో అరిచింది. నీకోసం ఎదురుచూస్తున్నాను, అని. ఒక్క తప్పు లేదు. ఎర్రయ్యకి ఒక్క ముక్క అర్థం కాలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏటీ?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. వచ్చే వారం ఓడ కదులుతుంది. ఆవిడకి మిగిలింది ఒక్క ఇల్లు. ఇలా చేతులు కట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు. రేపు కొండెక్కుతాను.

4. సోమవారం

క్లాసు ఎగ్గొట్టి పైకి వెళ్ళాను. ఎవరు ఎవరింటికి భోజనానికి వెళ్ళాలో కుదిర్చేది దోన్యా యులాలియా అనే ఆవిడ. పోలమ్మ మూడో భోజనం కూడా ఆవిడింట్లోనేనట. కడిగేద్దామనే వెళ్ళాను. మా వాళ్ళ వ్యాకరణంలో తప్పు చూపించండి, చూపిస్తే ముక్కు నేలకు రాస్తాను అని వాక్యాలన్నీ దారిలోనే కూర్చుకున్నాను.

ఆవిడ నవ్వుతూ తలుపు తీసి, వేళకే వచ్చారు, భోంచేద్దాం రండి అంది. సరే, అన్నం ముందు తగువెందుకు, తిన్నాక అడుగుదామని ఊరుకున్నాను. శనగల పులుసు, రొట్టె. బాగుంది. చప్పుడు చెయ్యకుండా తిన్నాను. తినడం అవగానే లేచి, నా కంచం తీసుకెళ్ళి తొట్టెలో పెట్టి, చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, కొంగుతో తుడుచుకుంటూ ఇక మొదలుపెడదామని వచ్చాను.

ఆవిడ గుమ్మం దగ్గర నా గొడుగు పట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చినందుకు సంతోషం" అంది. మొహంలో నవ్వు లేదు. నేను ఒక్క మాట అనేలోపు బయట ఉన్నాను. ఇంత పొగరా! ఇంటికొచ్చిన మనిషిని పట్టుమని రెండు మాటలు ఆడనివ్వకుండా గెంటేస్తారా! కోపంతో విసవిసా దిగొస్తుంటే మంచు మిల్లు దగ్గర ఎర్రయ్య ఎదురయ్యాడు.

"యులాలియమ్మగోరింటికేటి? అప్పుడే ఒచ్చీసినారేటి?"

"తిన్నాక ఇంకేం చేస్తారు? చెయ్యి కడుక్కుని వచ్చాను."

ఎర్రయ్య తల దించుకున్నాడు. "ఆ మాట ఎత్తకండి. నాకు సిగ్గుసేటు. నాను బోజనానికెల్లిన దినం నానూ తినగానే లేద్దారనే సూసినాను. మోకాలు పట్టీసింది. లెగలేకపోనాను. ఆలు మాటలాడతానే ఉన్నారు, కాఫీ పోత్తానే ఉన్నారు. నానేటి సేత్తాను? ఎంగిలి సెయ్యి ఒళ్ళో దాసుకుని, ఒచ్చిన రెండు ముక్కలూ అటూ ఇటూ తిప్పుకుంటా పొద్దుగూకేదాకా కూకున్నాను. సెయ్యి ఎండిపోయి పెటపెటలాడిపోయింది. పాపం, కుంటోడని జాలిపడి సీటీ ఇచ్చారు. మా యాడదానికి కూడా సెప్పుకోలేదు."

నేను దారిమధ్యలో నిలబడిపోయాను.

అలా కూర్చుని మాట్లాడుకోడానికి వాళ్ళకో మాట ఉంది, అది నాకు తెలుసు. సోబ్రెమెసా. 'భోజనానంతర సంభాషణ' అని పదాల పట్టికలో నేనే రాయించాను, వాళ్ళ చేత పదిసార్లు పలికించాను కూడా. విశాఖలో ఒక ఫ్లాటులో కూర్చుని, బిళ్ళలో తర్జుమా ఆపేసి ఉత్త గొంతులు వింటూ నేర్చుకున్న భాష నాది. భోజనానంతరం అంటే చేతులు కడుక్కుని, ముందు గదిలోకి వచ్చి, వక్కపొడి నములుతూ అనే అనుకున్నాను. ఇంకోలా ఉంటుందని ఎందుకనుకుంటాను? వీళ్ళు మాట్లాడేది అక్కడే, ఆ ఎంగిలి కంచాల ముందే. తినడం అయ్యాకే వీళ్ళకి మనిషి వచ్చినట్టు. మనం తినేటప్పుడు మాట్లాడం, తినగానే లేస్తాం. ఇక మాట్లాడేదెప్పుడు? లేచి కంచం తీస్తే, నీతో నాకు మాటల్లేవు అని చెప్పినట్టు. పోలమ్మ ఆ చెప్పినదాన్ని మూకుడుతో సహా తోమి మరీ వచ్చింది.

"ఎర్రయ్యా, జాలీ లేదు గీలీ లేదు. అదే పరీక్ష!" అని అరిచాను. ఆయన గుడ్లప్పగించి చూశాడు. రెండోసారి నెమ్మదిగా చెప్పాను. "అయితే దాన్ని కూకోమని సెప్పండి" అన్నాడు.

5. మంగళవారం

ఈరోజు వ్యాకరణం లేదు. తిన్నాక లేవకండి, అని ఒక్క వాక్యం చెప్పాను. దానికి వచ్చినన్ని ప్రశ్నలు, 'ఉండడం'లో మారేదానికొకటీ మారనిదానికొకటీ అని నేర్పిన ఎస్తార్‌కీ సేర్‌కీ కూడా రాలేదు.

ఎంగిలి చేత్తోనా? ఎంతసేపు? చెంచాతో తింటే లేవొచ్చా? పీట మీద కాదు కదా, కుర్చీలో కూర్చుంటే దోషం తగ్గుతుందా? మధ్యలో వెళ్ళి కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చుంటే? శేషుకుమార్ అయితే, ఎండిన చేత్తో కూర్చుంటే ఇంటికి అరిష్టమని వాళ్ళ నాయనమ్మ చెప్పేదని, ఆ ఇల్లు వాళ్ళదా మనదా అన్నదాన్నిబట్టి అరిష్టం ఎవరికో తేల్చాలని వాదన పెట్టుకున్నాడు. క్రియాపదాలకి లేని కారణాలు చెప్పమంటే ఎలాగోలా చెప్పాను. దీనికేం చెప్పను?

"సెయ్యి ఎండితే నాకు ఒళ్ళంతా దురదెట్టినట్టుంటాది పంతులమ్మగోరూ. ఆలు ఏటడుగుతారో తెలిత్తే బట్టీ పట్టీనా?" అంది పోలమ్మ.

"వాళ్ళు ఏమీ అడగరు. నువ్వు కూర్చుంటావా లేదా అని చూస్తారు. అంతే."

"అడగనోళ్ళతో ఏటి మాటాడతారు?"

నాకూ తెలియదు. అయినా చిరాగ్గా, నీకు తోచింది మాట్లాడు అన్నాను.

6. శుక్రవారం

మూడో భోజనానికి పంతులమ్మ సాక్షిగా కూర్చోవచ్చు. నోరు మాత్రం విప్పకూడదు, విప్పితే ఆ భోజనం చెల్లదు. బల్లకి దూరంగా, కిటికీ పక్కన నాకో స్టూలు వేశారు.

బల్ల దగ్గర యులాలియా, ఆవిడ ముసలి తండ్రి, పెళ్ళికాని కూతురు, ఎదురుగా పోలమ్మ. కోడిమాంసం కలిపి వండిన అన్నం. పోలమ్మ చేత్తోనే తిన్నది. వాళ్ళేమీ అనలేదు. మెతుకు మిగల్చకుండా తిని, అలవాటుకొద్దీ కుర్చీలోంచి సగం లేచింది. నావైపు చూసి మళ్ళీ కూర్చుంది.

ముసలాయన పళ్ళు కుట్టుకుంటున్నాడు. కూతురు కాఫీ పోసింది. పోలమ్మ ఎంగిలి చెయ్యి బల్లమీద పెట్టి దానివైపే చూస్తోంది. వేళ్ళమధ్య పసుపచ్చగా ఎండుతోంది. బట్టీ పట్టింది ఒక్కటీ గుర్తొచ్చినట్టు లేదు. అయిపోయింది, ఓడెక్కేసింది అనుకున్నాను.

అప్పుడు ఆ చెయ్యి ఎత్తి చూపించి, వచ్చీరాని స్పానిష్‌లో అడిగింది: "ఈ చెయ్యి ఓతో ముగుస్తుంది. మరి ఆడది. ఎందుకు?"

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పుట్టినప్పటినుంచీ ఆ మాట అంటూనే ఉన్నారు, ఎవరికీ ఈ ఆలోచన వచ్చినట్టు లేదు. ఇంట్లో పనంతా చేసేది ఆడదే కాబట్టి అన్నాడు ముసలాయన. నీ చెయ్యి ఎప్పుడు పనిచేసింది అంది యులాలియా. మనల్ని మొదట ఎత్తుకునేది అమ్మ చెయ్యి కాబట్టి అంది కూతురు. అయితే మంత్రసాని చెయ్యి మాటేమిటి అని ముసలాయన. అన్నీ తప్పే! లాటిన్ కాలంనుంచీ అది ఆడదే, ముగింపు ఓగా మారినా లింగం మారలేదు. ఈ రెండు వాక్యాలు నా నాలుక చివర గంతులేస్తున్నాయి. నోట్లో కొంగు కుక్కుకున్నాను.

పోలమ్మ ఊరుకోలేదు. వాళ్ళు చెప్పిన ప్రతిదానికీ ఇంకో ప్రశ్న వేసింది. మొగుడి చెయ్యి సంగతి కూడా అడిగేసింది. కూతురు నవ్వి నవ్వి కాఫీ ఒలకబోసుకుంది. పోర్‌కీ పారాకీ తేడా అడిగితే యులాలియా, ఆవిడ తండ్రీ బల్ల గుద్ది మరీ పోట్లాడుకున్నారు. ఇద్దరూ తప్పే చెప్పారు. నేను ఇన్ని వారాలు గొంతు చించుకున్న పాఠాన్ని నా ఎదుటే ముక్కలు ముక్కలు చేశారు. పోలమ్మ మధ్యలో దూరి, తన తప్పుల భాషలో, చేపల బజారులో తగువు తీర్చినట్టు తీర్చింది. లింగాలు తలకిందులు, కాలాలు కలగాపులగం. వాళ్ళకి అన్నీ అర్థమవుతున్నాయి.

రెండోసారి కాఫీ వచ్చింది. ఎండ గోడమీదకి ఎక్కింది. అప్పుడు ఇంకో ప్రశ్న అడిగింది. ఇది నన్ను ఎప్పుడూ అడగలేదు.

"అలిసిపోయాడు, కూర్చున్నాడు, జబ్బుపడ్డాడు. వీటికి ఎస్తార్. ఇవి మారిపోతాయి. చనిపోయాడు అంటే కూడా ఎస్తార్ అంటారు. చనిపోయినవాడు మారడు కదా. ఎందుకు?"

నాకు జవాబు తెలుసు. స్థితి మార్పు, ఫలితం, ఇంకా చాలా. ఎవరూ అది చెప్పలేదు. ముసలాయన టోపీ తీసి బల్లమీద పెట్టాడు. యులాలియా, మా అన్నయ్య నీళ్ళ తగాదాలో పోయాడు అంది. వాడి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు, నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను అంది. ఎలాంటివాడో చెప్పడం మొదలుపెట్టింది. తండ్రి మధ్యలో దిద్దాడు. పోలమ్మ వింది. తర్వాత తనూ చెప్పింది. ఎర్రయ్య మోకాలు విరిగిన పడవలోనే తన తమ్ముడు కూడా ఉన్నాడట. ఇన్ని వారాలు నా ముందు వరసలో కూర్చున్న మనిషి. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది. నేను ఏనాడూ ఆవిడ తప్పులు వినడం మాని ఇంకేమీ వినలేదు, నామీద నాకే చెప్పలేనంత కోపం వచ్చింది.

వెలుగు తగ్గుతుంటే యులాలియా నావైపు తిరిగి, మీరు వెళ్ళొచ్చు, చీటీమీద సంతకం నేను పెట్టి పంపిస్తాను అంది. పోలమ్మకేసి చూశాను.

"ఎల్లండి పంతులమ్మగోరూ. ఇంకా మాటలవ్వనేదు" అంది. కనీసం తల కూడా తిప్పలేదు.

బయట గేటు పట్టుకుని ఎర్రయ్య నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉన్నాడట. నేను ఒక్కదాన్నే రావడం చూసి ఆయన మొహం పాలిపోయింది.

"మళ్ళీ నేదన్నారేటి? అదేదండీ?"

"లోపల ఉంది."

"ఇంకా ఏటి సేత్తందండీ?"

"కూర్చుంది ఎర్రయ్యా. ఇంకా చెయ్యి కడుక్కోలేదు."

మోకాలి సంగతి మర్చిపోయి మెట్టుమీద చతికిలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. లేపడానికి ఇద్దరం కావాలి కాబట్టి, ఆవిడ వచ్చేదాకా నేనూ పక్కన కూర్చున్నాను.